కంప్యూటరు పాడైందా, చోటు చాలలేదా?



మా సంఘములో కుట్టు మిషను మీద ఇద్దరు ఆడపిల్లలను పోషించుకొంటున్న ఒక సహోదరి ఉన్నది. 2024 జూన్ నెలలో ఒక సాయంకాలము ఆమె మా ఇంటికి వచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నది. మా ఇంటావిడ కాఫీ ఇచ్చిన తరువాత మెల్లగా సంగతి చెప్పింది.

"అయ్యగారూ, పెద్దమ్మాయి కంప్యూటరు పోయిందండి. మదరుబోర్డు పాతదైపోయిందట. బాగుచేయడము దండగ, కొత్తది తీసుకోమన్నారు. ముప్పై రెండు వేలవుతుందట. కమ్మలు బ్యాంకులో పెడదామనుకొంటున్నాను. తమరొక మాట చెప్పండి."

ఆ కమ్మలు ఆమె పెండ్లినాటివి. భర్త పోయిన తరువాత మిగిలిన బంగారము అంతే. పిల్ల డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నది గనుక కంప్యూటరు లేకపోతే కుదరదు.

"పోయిందంటే ఏమమ్మా? అసలు వెలగడమే లేదా?" అని అడిగాను.

"వెలుగుతుందండి. వెలగడానికే పావుగంట. ఒకటి తెరిస్తే రెండవది తెరవదు. పిల్ల దానిముందు కూర్చుని ఏడుస్తున్నది."

వెలిగే కంప్యూటరుకు మదరుబోర్డు పోవడమేమిటని నాకు అనుమానము వచ్చింది. నేను ఇంజనీరును కాను. నేను చదివినది వేదాంత డిప్లొమా, అందులో కంప్యూటరు పాఠము లేదు. మా మందిరపు ఆఫీసు కంప్యూటరుతో పన్నెండేళ్లుగా పడిన పాట్లే ఈ విషయములో నా చదువు. అయినా, "కమ్మలు రెండు రోజులు ఆగనీయమ్మా, ముందు నేనొకసారి చూస్తాను" అన్నాను.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. 2013లో బంధువులెవరో కొని, వాడి వాడి ఇచ్చిన అసెంబుల్డు డబ్బా అది. విండోస్ 10 ఉన్నది. తెర వచ్చేవరకు వేచియుండి, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాము. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకొన్నది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ 94 శాతము, డిస్కు 100 శాతము అని కనబడినవి. ప్రాసెసరు మాత్రము 12 శాతము దగ్గర తీరికగా కూర్చున్నది. మెమరీ మీద నొక్కితే క్రింద ఇంకొన్ని వివరాలు: మొత్తము 2 జీబీ, స్లాట్లు రెండింటిలో ఒకటే వాడుకలో ఉన్నది. రెండవ స్లాటు పదకొండేళ్లుగా ఖాళీగా ఉన్నదన్నమాట!

ఇక్కడ సహోదరీమణుల కొరకు ఒక మాట చెప్పాలి. వంటింట్లో గట్టు ఉన్నది, అటక ఉన్నది. బియ్యము, పప్పులు, పెద్ద గిన్నెలు అటక మీద ఉంటాయి. వండేటప్పుడు కావలసినవి గట్టు మీదికి దించుకొంటారు. కంప్యూటరులో హార్డ్ డిస్కు అటక. ర్యామ్ అనబడే మెమరీ గట్టు. గట్టు జానెడే అయితే ఏమి జరుగుతుంది? కూరగాయలు తరగాలంటే పప్పు గిన్నె అటక మీద పెట్టాలి, పప్పు తాళింపు వేయాలంటే కూరగాయల పళ్లెము పైకెక్కించాలి. వంట కన్నా ఎక్కడము దిగడమే ఎక్కువవుతుంది. కంప్యూటరు కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. మెమరీ నిండినప్పుడు అందులోని కొంత భాగాన్ని డిస్కు మీద ఒక ఫైలులోనికి దించి, అవసరమైనప్పుడు మరల తెచ్చుకొంటుంది. తిరిగే చక్రము గల పాత హార్డ్ డిస్కుకు ఈ పని ప్రాణాంతకము. ఆ గరగర శబ్దము, ఆ ఎర్రదీపము ఆగకుండా వెలగడము అందుకే. డిస్కు 100 శాతము అని చూచి అందరూ డిస్కునే అనుమానిస్తారు గాని, పాపము, అది వేరొకరి లోటును మోస్తున్నది.

ఆ దుకాణము అతనిని నేను తప్పుపట్టను. పాత డబ్బా విప్పి, దుమ్ము దులిపి, లోపము కనిపెడితే అతనికి వచ్చేది రెండు మూడు వందలు. కొత్తది అమ్మితే వచ్చేది వేరు. అతనికీ కుటుంబమున్నది. కాని మన డబ్బును గూర్చి మొదట అడగవలసిన ప్రశ్న మనమే అడగాలి గదా.

ఇంతకీ ఈ మెమరీ అన్నది ఏమిటి? ఐబీఎం కంపెనీలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. 1968లో పేటెంటు వచ్చింది. ఆయన 2024లోనే కన్నుమూశారు. ఒక్కొక్క అంకెకు ఒక చిన్న విద్యుత్ గది, దానికొక తలుపు, అంతే. గదిలో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్న. చిక్కేమిటంటే ఆ గదులు కారిపోతాయి. అందుచేత ప్రతి గదిని 64 మిల్లీసెకన్ల లోపల, అంటే సెకనుకు సుమారు పదిహేనుసార్లు, మరల నింపుతూ ఉండాలి. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 అనే చిప్పులో ఇటువంటి గదులు 1,024. ఈనాడు ఒక 4 జీబీ ర్యామ్‌లో 3,400 కోట్లకు పైగా ఉంటాయి. కరెంటు పోతే నింపేవాడు లేడు గనుక అన్నీ ఖాళీ. సేవ్ చేయని పని పోయేది ఇందుకే. ఒక శనివారము రాత్రి మూడు గంటలు కూర్చుని టైపు చేసిన ప్రసంగము కరెంటు పోయి మాయమైనప్పుడు నేను ఈ సంగతి బాగా నేర్చుకొన్నాను. ఆ ఆదివారము నా ప్రసంగము మామూలు కన్నా చిన్నది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు!

ఇక కొనుగోలు సంగతి. ఇందులో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. 2018లో మా ఆఫీసు కంప్యూటరు కొరకు ర్యామ్ కొనడానికి వెళ్లాను. "4 జీబీ ర్యామ్ ఇవ్వండి" అన్నాను. "డీడీఆర్ ఎంతండీ?" అని అడిగాడు కుర్రవాడు. తెలియదని చెప్పడానికి నామోషీ పడి, "కొత్తదే ఇవ్వు బాబూ" అన్నాను. అతను డీడీఆర్ 4 ఇచ్చాడు. ఇంటికి వచ్చి చూస్తే మాది డీడీఆర్ 3. స్లాటులో కూర్చోదు. బొటనవ్రేలితో ఇంకొంచెము గట్టిగా నొక్కబోతున్నాను, మా ఇంటావిడ చేయి పట్టుకొని ఆపింది.

"ఏమండీ, జాకెట్టు గుడ్డకు వెళితే మేము చీర పట్టుకెళతాము. మీరేమి పట్టుకెళ్లారు?" అన్నది.

ఈ విషయము మీద ఇంతకు మించిన సలహా నేను ఎక్కడా చదవలేదు. పాత ర్యామ్ ఊడదీసి, కాగితములో చుట్టి, దుకాణానికి పట్టుకెళ్లండి. దాని మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది. ఎన్ని జీబీ, ఏ రకము, ఎంత వేగము అన్నీ దాని మీదే ఉంటాయి. పీసీ3 అని ఉంటే డీడీఆర్ 3, పీసీ4 అని ఉంటే డీడీఆర్ 4.

ఈ రకాలు ఒకదాని చోట మరొకటి పనిచేయవు. 2007 ప్రాంతములో వచ్చినది డీడీఆర్ 3. దానికి 240 కాళ్లు, 1.5 వోల్టుల విద్యుత్తు. డీడీఆర్ 4 ప్రమాణము 2012లో వెలువడింది; 288 కాళ్లు, 1.2 వోల్టులు. 2020లో వచ్చిన డీడీఆర్ 5కు కూడా 288 కాళ్లే గాని 1.1 వోల్టులు, క్రింది అంచున గాటు వేరొక చోట. ఆ గాటు పెట్టినదే నావంటి వాళ్లు తప్పుగా దూర్చకుండా ఉండడానికి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొడవులో సగమే ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు పట్టదు. వేగము మాత్రము కొంచెము అటూ ఇటూ అయినా పరవాలేదు; రెండు వేరువేరు వేగాలవి పెడితే రెండూ నిదానమైనదాని వేగానికే నడుస్తాయి. జోడెద్దుల బండి వలె.

అంతటితో అయిపోలేదు. బోర్డు ఎంతవరకు మోయగలదో చూచుకోవాలి. ఆ అమ్మాయి కంప్యూటరులో ఉన్నది ఇంటెల్ హెచ్61 రకపు బోర్డు. ఆ రోజుల్లో మన ఊళ్లలో అసెంబుల్ చేసిన వాటిలో ఇది చాలా కనబడేది. రెండు స్లాట్లు, మొత్తము 16 జీబీ వరకు తీసుకొంటుంది. అంతకు ముందు తరపు జీ41 బోర్డుల మీద డీడీఆర్ 3 ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్త. అవి ఒక్కొక్క స్లాటులో 4 జీబీ వరకే తీసుకొంటాయి, ఆ 4 జీబీ స్టిక్కు మీద కూడా రెండు ప్రక్కలా కలిపి పదహారు నల్ల చిప్పులు ఉండాలి. ఎనిమిదే ఉంటే దాన్ని గుర్తుపట్టవు. చిప్పులు లెక్కపెట్టి కొనమంటే దుకాణములో నవ్వుతారు. నవ్వనివ్వండి. అలాగే చాలా చౌకగా దొరికే కొన్ని 8 జీబీ డీడీఆర్ 3 స్టిక్కులు ఏఎండీ బోర్డుల మీద మాత్రమే పనిచేస్తాయి. చీటీ మీద ఆ మాట చిన్న అక్షరాలలో ఉంటుంది. ఇంటెల్ ఉన్నవాళ్లు అవి తీసుకొంటే డబ్బు పోయినట్లే.

ఇంకొక మాట. కొందరి కంప్యూటర్లలో 32 బిట్ విండోస్ ఎక్కించి ఉంటుంది. దానికి 4 జీబీకి మించి లెక్క తెలియదు, అందులోనూ మూడు చిల్లరే వాడుకోగలుగుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అనే చోట 64 బిట్ అని ఉన్నదో లేదో చూచిన తరువాతే 8 జీబీ కొనండి. 32 ఉంటే ముందు విండోస్ మార్చాలి.

ఆ అమ్మాయికి 64 బిట్ ఉన్నది. 4 జీబీవి రెండు, ఒకే కంపెనీవి తెప్పించాము. ఉన్న 2 జీబీ ప్రక్కన ఒక్క 4 జీబీ పెట్టినా పని జరిగేదే. అయితే రెండు స్లాట్లలో సమానమైనవి ఉంటే బోర్డు రెంటినీ ఒకేసారి చదువుతుంది, రెండు చేతులతో వడ్డించినట్లు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరుకు ఇది మరీ మేలు, ఎందుకంటే తెర మీద బొమ్మ కొరకు కూడా ఈ మెమరీలోనే కొంత భాగము పోతుంది. రెండూ కలిపి ఆనాడు పదిహేను వందల లోపే అయ్యింది. ఆ సహోదరి జాకెట్లు కుట్టిన డబ్బులోనుండే ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు.

బిగించే పని అమ్మాయి చేతనే చేయించాను. ముందు ప్లగ్గు పీకి, తరువాత పవరు బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకొంటే లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. క్యాబినెట్ ప్రక్క రేకు తీసి, బల్ల మీద అడ్డముగా పడుకోబెట్టాము. లోపల దుమ్ముతోపాటు బల్లి గుడ్లు రెండు. చిన్నమ్మాయి కేక వేసి పారిపోయింది. పెద్దమ్మాయి మాత్రము నవ్వుతూ బ్రష్షుతో తీసి, లోపలి ఇనుప చట్రాన్ని చేతితో ముట్టుకొన్నది. అది తప్పక చేయాలి. మన ఒంటి మీద, ముఖ్యముగా నైలాను, ఉన్ని బట్టలు వేసుకొన్నప్పుడు, కంటికి కనబడని విద్యుత్తు చేరుతుంది. మనకు చురుక్కుమనకపోయినా చిప్పును చంపడానికి అది చాలు.

స్లాటు చివర క్లిప్పులు బయటికి వంచితే పాత స్టిక్కు పైకి లేచి వచ్చింది. కొత్తదాన్ని అంచులు పట్టుకొని, గాటు సరిచూచుకొని, రెండు చివరల సమానముగా నొక్కాలి. టక్కుమని శబ్దము వచ్చి క్లిప్పులు వాటంతటవే లేచి పట్టుకొంటాయి. అవి లేవలేదంటే సరిగా కూర్చోలేదని అర్థము.

రెండూ పెట్టి స్విచ్చి వేశాము. తెర నల్లగానే ఉన్నది! లోపలినుండి బీప్, బీప్ అని శబ్దము. ఆ సహోదరి ముఖము చూడలేకపోయాను. కమ్మలు ఆపించినవాడిని నేనే గదా.

పెన్సిల్ రబ్బరు తెమ్మన్నాను. స్టిక్కు క్రింది అంచున ఉండే బంగారు రంగు గీతలను రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, స్లాటులో దుమ్ము ఊది మరల పెట్టాము. మన మెకానిక్కులందరికీ తెలిసిన వైద్యమే ఇది. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. గాలి బుడ్డి వాడాలి. అది లేక మేము మెత్తని బ్రష్షు వాడాము. అప్పటికీ రాకపోతే ఒక్కొక్కటే పెట్టి చూడాలి, దానితో ఏది చెడ్డదో తెలుస్తుంది. మాకు రెండవసారికే తెర వెలిగింది. టాస్క్ మేనేజర్‌లో 8 జీబీ అని కనబడింది. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాము పెన్ డ్రైవులో పెట్టి తెల్లవారేవరకు నడిపించాము. ఒక్క తప్పు రాలేదు. చెడ్డ మెమరీ ఒక్కసారిగా చావదు. అప్పుడప్పుడు ఒక ఫైలును పాడుచేస్తూ నెలల తరబడి ఏడిపిస్తుంది. కనుక దుకాణమువాడు మార్చి ఇచ్చే గడువు దాటకముందే ఈ పరీక్ష చేయడము తెలివి.

నిజము చెప్పాలి: దీనితో అన్నీ తీరిపోలేదు. వెలగడానికి పావుగంట పట్టేది నాలుగైదు నిమిషాలకు వచ్చింది. పాఠము వీడియో ఒకటి, నోట్సు ఒకటి, ఇంకొక రెండు పేజీలు తెరచినా ఆగిపోవడము లేదు. కాని మొదట వెలగడము ఇంకా నిదానమే, ఎందుకంటే అటక పాతదే. ఆ తరువాత క్రిస్మసుకు కుట్టుపని ఎక్కువగా వచ్చినప్పుడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నారు. అప్పుడు అర నిమిషములో వెలగసాగింది. ముందు ఎస్‌ఎస్‌డీ కొనకూడదా అని అడిగేవారున్నారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ సగము ఖాళీగా ఉండి డిస్కు మాత్రము 100 చూపిస్తూ ఉంటే అదే ముందు కొనండి. మెమరీ 90 దాటి ఉంటే గట్టు పెంచండి. రెండూ ఖాళీగా ఉండి ప్రాసెసరు 100 చూపిస్తే వైరస్ ఉన్నదేమో చూడండి, లేదా ఆ ప్రాసెసరుకే వయసు మళ్లినది. మీ వాడుకకు 8 జీబీ చాలినప్పుడు 32 పెట్టినంత మాత్రాన వేగము పెరగదు. యౌవనస్థులు పాటల వీడియోలు ఎడిట్ చేసేచోట 16 పెట్టుకోవచ్చును.

ఈ కథ జరిగిన తరువాత రెండు సంగతులు మారినవి. మొదటిది ధర. 2025 రెండవ సగము నుండి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ప్రపంచములో ఈ చిప్పులు పెద్దయెత్తున చేసేవి ముఖ్యముగా మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కొరకు కడుతున్న పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు వాటి ఉత్పత్తిని ఎగరేసుకొనిపోతున్నాయి. ఇళ్లలోవారికి క్రూషియల్ అనే పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారాన్ని మానుకొంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. అందుచేత నా పదిహేను వందల లెక్క పట్టుకొని దుకాణానికి వెళ్లకండి. పాత కంప్యూటర్లు విప్పి అమ్మేచోట డీడీఆర్ 3, డీడీఆర్ 4 వాడినవి దొరుకుతాయి. వాడిన ర్యామ్ అంటే భయపడనక్కరలేదు, అందులో అరిగే భాగమేమీ లేదు. పైన చెప్పిన రాత్రి పరీక్ష మాత్రము మానకండి.

రెండవది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. నమోదు చేసుకొన్న ఇంటివారికి 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు. విండోస్ 11 ఇటువంటి మూడవ తరపు ఐ3 ప్రాసెసరును ఒప్పుకోదు, ఎంత మెమరీ పెట్టినా సరే. ఆ అమ్మాయి లినక్స్ మింట్ నేర్చుకొన్నది. దానికి 4 జీబీ ఉంటే సుఖముగా నడుస్తుంది. మా ఆఫీసులో మాత్రము అను లిపులు, పేజ్‌మేకరు విండోస్ మీదే ఉన్నాయి గనుక అంత సులువుగా కదలలేము. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ పీకివేసి, సంఘపు పత్రిక కూర్పుకు మాత్రమే ఉంచాము.

నేను 2018లో తప్పుగా కొన్న డీడీఆర్ 4 ఆరేళ్లు నా సొరుగులో పడి ఉన్నది. ఆ అమ్మాయి కంప్యూటరు బాగైన సంగతి విని ప్రక్క వీధి మాస్టారు తమ కంప్యూటరు చూడమన్నారు. ఈసారి నేను వెళ్లలేదు, అమ్మాయే వెళ్లింది. విప్పి చూచి నాకు ఫోను చేసింది.

"అయ్యగారూ, వందనాలండి. వీరిది డీడీఆర్ 4 అండి. ఒక స్లాటు ఖాళీగా ఉంది. మీ సొరుగులోది తీసుకెళ్లనా?"